డీబీఎఫ్ గడిలో తెలుగు పేరు ఎందుకు పట్టదు

పట్టాదారుల టేబుల్‌ని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నుంచి డీబీఎఫ్ అనే పాతకాలపు పట్టిక ఫైలులోకి తీస్తే ‘వేంకటేశ్వరరావు’ కాస్తా ‘వేంకటేశ్వర’ అయి కూర్చుంటాడు. కొన్ని లైబ్రరీలు హెచ్చరికైనా ఇవ్వవు. మిగిలింది కూడా నిక్షేపమైన పేరే కాబట్టి ఎవరి కంటికీ ఆనదు. కాలమ్ వెడల్పు 30 అని పెట్టాం, పేరులో అన్ని అక్షరాలు లేవు కదా అంటే, ఆ 30 అక్షరాలు కావు, బైట్లు.

ఈ లెక్క పాతది. 1970ల చివర్లో అమెరికాలో జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో పనిచేస్తున్న వేన్ రాట్లిఫ్ వల్కన్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్ రాశాడు. జార్జ్ టేట్ దాని అమ్మకపు హక్కులు తీసుకుని డీబేస్ 2 పేరుతో బజారులోకి దించాడు. (డీబేస్ 1 అనేది లేనే లేదు.) 1984లో వచ్చిన డీబేస్ 3 ఫైలు రూపమే, అంటే డీబీఎఫే, కాస్త అటూ ఇటుగా ఇప్పటికీ నడుస్తోంది. ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ లాంటి డేటాబేస్ సాధనాలు దాన్నే వాడుకున్నాయి. మ్యాపుల డేటా దాచే షేప్‌ఫైల్ కూడా తన వివరాల పట్టికకు దాన్నే తీసుకుంది. డీబీఎఫ్ ఇంకా బతికుందంటే ముఖ్యంగా ఆ చలవే.

ఫ్లాపీల కాలంలో సూటిగా పనికొచ్చే ఏర్పాటు అది. ముందు 32 బైట్ల హెడర్, ఒక్కో కాలమ్‌కు మరో 32, ముగింపుకు ఒకటి. అయిదు కాలమ్‌లుంటే మొత్తం 193. తర్వాత రికార్డులన్నీ ఒకే పొడవు. వెయ్యో రికార్డు ఎక్కడుందో గుణకారంతో తేలిపోతుంది. దానికి చెల్లించిన మూల్యం: కాలమ్ పేరుకు 10 బైట్లు, అక్షరాల కాలమ్‌కు 254. నల్‌కు (విలువ లేదని చెప్పే గుర్తుకు) చోటే లేదు, ఖాళీ గడి ఖాళీగానే ఉంటుంది. చదివే ప్రోగ్రామ్ దాన్ని సున్నా అనుకున్నా అడిగే దిక్కులేదు.

1990లలో మనవాళ్లకు ఈ ఇరుకు తెలియలేదు. ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి జిస్ట్ కార్డు (భారతీయ లిపులు చూపేది) ఉన్న కంప్యూటర్లలో తెలుగు ఇస్కీ అనే భారతీయ లిపుల కోడ్‌లో ఉండేది. అందులో హల్లుకొక బైటు, గుణింతానికొకటి, పొల్లుకొకటి. ‘వేంకటేశ్వరరావు’ 14 బైట్లలో సర్దుకునేది. ఇప్పటి యూనికోడ్ పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, అదే పేరు 42. కాలమ్ వెడల్పు మాత్రం పాత టేబుల్ నుంచి తెచ్చిన 30 దగ్గరే ఆగింది. అదే 25 అయితే ‘వేంకటేశ్’ తర్వాత తెగిన బైటు ఒకటి మిగిలి, డబ్బానో ప్రశ్నార్థకమో కనిపిస్తుంది. నిజానికి అదే నయం, తప్పు బయటపడుతుంది.

కాబట్టి ముందే ప్రతి కాలమ్‌లో అతి పెద్ద విలువను బైట్లలో కొలవాలి. పోస్ట్‌గ్రెస్‌లో దానికి ఆక్టెట్‌_లెంగ్త్ ఉంది, మామూలు లెంగ్త్ అక్షరాలే లెక్కిస్తుంది. 254 దాటితే, అంటే సుమారు 84 తెలుగు గుర్తులు మించితే, రెండు కాలమ్‌లుగా విడగొట్టడమే మేలు. కోయక తప్పకపోతే, కోత పడిన చోట మొదలయ్యే బైటు విలువ 128–191 మధ్య ఉన్నంతసేపూ వెనక్కి జరగాలి. చివర పొల్లు మిగిలితే దాన్నీ తీసెయ్యాలి. కాలమ్ పేర్లు ఇంగ్లీషులోనే పెట్టుకోండి, తెలుగులో మూడు గుర్తులకే చోటు అయిపోతుంది.

ఎన్‌కోడింగ్ ఏదో, అంటే బైట్లను ఏ పద్ధతిలో అక్షరాలుగా చదవాలో చెప్పడం మరో పని. షేప్‌ఫైల్ అయితే పక్కనే అదే పేరుతో సీపీజీ ఫైలు పెట్టి అందులో యూటీఎఫ్-8 అని రాస్తే చాలు. లేకుంటే తెలుగంతా నెత్తిన గీత ఉన్న లాటిన్ ‘ఎ’ల గుంపుగా తెరుచుకుంటుంది.

చేత్తో కోడ్ రాసేవాళ్లు తరచూ మరిచేది తొలగింపు గుర్తు. ప్రతి రికార్డూ ఒక ఖాళీతోనో, తీసేసినదైతే నక్షత్రం గుర్తుతోనో (*) మొదలవుతుంది. హెడర్‌లోని రికార్డు పొడవులో ఆ ఒక్క బైటు కలపకపోతే రెండో రికార్డు ఒక అక్షరం, మూడోది రెండు, ఇలా మెట్లుమెట్లుగా జరుగుతూ పోతాయి. ఫైలు సైజు చూస్తే తెలుస్తుంది: 193 హెడర్, 121 బైట్ల రికార్డులు వెయ్యి, చివర ముగింపు బైటు, వెరసి 1,21,194. కొన్ని లైబ్రరీలు ఆ చివరి బైటు రాయవు, ఒకటి తగ్గితే కంగారు పడక్కర్లేదు.