గుండె జబ్బు, లాక్‌డౌన్: అపోహలు - వాస్తవాలు (2020 కరోనా లాక్‌డౌన్ రోజుల్లో రాసినది)

2020 మార్చి 25న కరోనా లాక్‌డౌన్ మొదలైన దగ్గర్నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది. తిరుపతిలో గుండె డాక్టర్‌గా పని చేస్తున్నాను. బస్సుల్లేక రాలేని పాత పేషెంట్లు పుత్తూరు, పాకాల, పీలేరు నుంచి ఫోన్‌లోనే అన్నీ అడుగుతున్నారు. వాటిలో సగం వాట్సాప్‌లో తిరిగే మాటలే. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకచోట రాస్తే ఇంకో నలుగురికి పనికొస్తుందని రాస్తున్నాను. ముందుగా, నాకు నిద్ర పట్టనివ్వని దాని గురించి.

అపోహ: ఛాతీ నొప్పి వచ్చినా ఇప్పుడు ఆసుపత్రికి వెళ్ళకూడదు, వెళ్తే కరోనా అంటుకుంటుంది.

పోయిన నెలలో చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి ఒకాయన వచ్చాడు, యాభై దాటిన రైతు. రాత్రి అన్నం తిని పడుకోబోతుంటే గుండెల మీద బండ పెట్టినట్టు అయిందట, ఎడమ చెయ్యి లాగిందట, బనియన్ తడిసిపోయేంత చెమట పట్టిందట. ఇంట్లోవాళ్ళు గ్యాస్ అనుకుని వాము నమిలించారు, సోడా తాగించారు. తగ్గీ తగ్గనట్టు తగ్గింది. ఆసుపత్రికి పోదామంటే ‘ఆడికి పోతే కరోనా వార్డులో ఏస్తారు, మళ్ళీ ఇంటికి పంపరు’ అని ఆయనే వద్దన్నాడట. మర్నాడు మధ్యాహ్నం దాటాక, ఆయాసంతో పడుకోలేక కూర్చునే ఉన్న మనిషిని తీసుకొచ్చారు. ఈసీజీ తీస్తే, గుండె ముందు భాగంలో కండరం అప్పటికే చచ్చిపోయిందని చెప్పే గుర్తులు కనిపించాయి. ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, పంపింగ్ 30 శాతం, మామూలుగా అయితే 55కు పైన ఉండాలి. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ‘రాత్రే తీసుకొచ్చింటే సార్?’ అని అడిగింది. రాత్రే వచ్చి ఉంటే ఆ గుండెలో చాలా భాగం మిగిలేది. ఆ మాట ఆమెతో అనలేకపోయాను, అందుకే మీకు చెప్తున్నాను.

గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళంలో గడ్డ అడ్డం పడితే కండరం చావడం గంటలోపే మొదలవుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్, అంటే స్ట్రెప్టోకైనేజ్ గానీ టెనెక్టెప్లేజ్ గానీ, మొదటి రెండు మూడు గంటల్లో పడితే చేసే మేలు వేరు, పది గంటల తర్వాత పడితే చేసే మేలు వేరు, 12 గంటలు దాటాక దాంతో దాదాపు ఉపయోగం ఉండదు. దీనికి క్యాథ్ ల్యాబ్ (యాంజియోప్లాస్టీ చేసే గది) ఉన్న పెద్దాసుపత్రే అక్కర్లేదు, ఈసీజీ మిషను, మానిటరు, ఇంజెక్షను ఉన్న దగ్గరి ఆసుపత్రిలో ఇచ్చేసి ఆ తర్వాత తిరుపతికి పంపొచ్చు. పోలీసులు ఆపుతారేమోనని ఆగిపోయామని కూడా చాలామంది చెప్తున్నారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆసుపత్రికి వెళ్ళడానికి లాక్‌డౌన్ అడ్డం కాదు. 108కి ఫోన్ చేయండి, వాళ్ళు తిరుగుతూనే ఉన్నారు. ఇంట్లో ఉండమన్నది కరోనా రాకుండా. గుండె నొప్పితో ఇంట్లో ఉండమని ఎవరూ చెప్పలేదు.

ఆడవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో నొప్పి ఇంత స్పష్టంగా ఉండకపోవచ్చు. ఒక్కసారిగా ఆయాసం, దవడ లాగడం, వాంతి వచ్చినట్టుండటం, కారణం లేని చెమట, ఇవి కూడా గుండెవే కావచ్చు. ఇంట్లో అమ్మకో అత్తమ్మకో ఇలా అయితే ‘ఎండకు నీరసం’ అని తీసిపారేయకండి.

అపోహ: బీపీ మాత్రలు వేసుకుంటే కరోనా తొందరగా పట్టుకుంటుంది.

ఇది రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటి మాత్రల గురించి పుట్టింది. వైరస్ మన కణాల్లోకి దూరడానికి వాడుకునే ఏసీఈ2 అనే తలుపుకూ ఈ మందులకూ ఏదో లింకు ఉండొచ్చని మొదట్లో ఒక అనుమానం వచ్చిన మాట నిజమే. అయితే మార్చిలోనే యూరప్, అమెరికా గుండె వైద్యుల సంఘాలు ఈ మందులు ఆపొద్దని స్పష్టంగా చెప్పాయి. ఆపితే ఏమవుతుందో మాత్రం మాకు బాగా తెలుసు: బీపీ పెరుగుతుంది, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పక్షవాతం కూడా రావచ్చు. కాబట్టి ఈ మాత్రలు ఆపొద్దు.

ఇక, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు కరోనా ముందుగా వస్తుందా అని అడుగుతున్నారు. అంటుకోవడం అందరికీ ఒకటే, కానీ వస్తే గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ముదిరే ప్రమాదం ఎక్కువ. అందుకే మాస్కు, చేతులు కడుక్కోవడం, బయటి పనులు ఇంట్లో కుర్రవాళ్ళకు అప్పగించడం.

అపోహ: నా మందులు వేలూరులో రాసినవి, ఇక్కడ దొరకవు, రోడ్లు తెరిచేదాకా ఆగుదాం.

చిత్తూరు వైపు నుంచి ఈ ఫోన్లు రోజూ వస్తాయి. నిజమే, చిత్తూరు, పలమనేరు, కుప్పం జనానికి తమిళనాడులోని వేలూరు పక్కూరి లాంటిది, స్టెంట్ (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) అక్కడే వేయించుకుంటారు, చెకప్‌కూ అక్కడికే వెళ్తారు. ఏప్రిల్‌లో పలమనేరు-గుడియాత్తం రోడ్డుకు అడ్డంగా ఏకంగా గోడే కట్టేశారు, తర్వాత కూల్చారనుకోండి. దిగులు పడటంలో తప్పు లేదు. కానీ మాత్ర ఆగకూడదు. స్టెంట్ వేయించుకుని ఏడాది కాకముందే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ ఆపేస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టి ఉన్నట్టుండి మూసుకుపోవచ్చు, అప్పుడు వచ్చే అటాక్ మామూలు అటాక్ కంటే దారుణం. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ లాంటివి ఒక్కసారిగా మానేసినా గుండె దడ, నొప్పి తిరగబెడతాయి.

మాత్రల షీటు వెనక్కి తిప్పి చూడండి. కంపెనీ పెట్టిన పేరు కాకుండా అసలు మందు పేరు (టెల్మిసార్టాన్ లాంటిది) విడిగా ఉంటుంది, పక్కన ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. ఆ మందు, అదే మోతాదు, ఏ కంపెనీదైనా మీ ఊరి మెడికల్ షాపులో తీసుకోవచ్చు. షీటు కత్తిరించేటప్పుడు పేరున్న ముక్క చివరిదాకా ఉండేలా కత్తిరించండి, సగం ఫోన్లలో నాకు ‘తెల్ల మాత్ర, గుండ్రంగా ఉంటాది సార్’ తప్ప ఇంకేమీ తెలియడం లేదు. ఫోన్‌లో చూసి మందులు రాయడానికి డాక్టర్లకు కేంద్రం మార్చి 25న నిబంధనలు ఇచ్చింది, 2020లోనే రాష్ట్రంలో 14410 టెలిమెడిసిన్ నంబరు కూడా పెట్టారు. వాడుకోండి.

గుండె వాల్వు మార్పించుకుని ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి రక్తం పలుచన చేసే మాత్రలు వాడేవాళ్ళు, రక్తం ఎంత పలుచగా ఉందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష మానేయకండి. కూరగాయలు దొరకడం లేదని వారమంతా ఆకుకూరే తిన్నా, అసలు తినకపోయినా రక్తం పలుచదనం మారిపోతుంది. రోజూ తినేంతే తినండి. చిగుళ్ళ నుంచి రక్తం, నల్లటి విరేచనం కనిపిస్తే అదే రోజు ఫోన్ చేయండి.

అపోహ: కరోనా రాకుండా హైడ్రాక్సీక్లోరోక్విన్ (మలేరియా మాత్ర) వేసుకుంటే ముందుజాగ్రత్త.

దయచేసి సొంతంగా వద్దు. ఈ మాత్ర గుండె కరెంటు లయను చెదరగొట్టగలదు, దానికి అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తోడైతే ఇంకా ఎక్కువ, గుండె బలహీనంగా ఉండి ఒంట్లో నీరు తీసే మాత్రలతో పొటాషియం తగ్గినవాళ్ళకు మరీ ప్రమాదం. చీటీ లేకుండా అమ్మకూడదని మార్చి నెలాఖరులోనే ప్రభుత్వం కట్టడి చేసింది.

అపోహ: కరోనా రాకుండా తాగే కషాయం సహజమైనది, ఎంత తాగితే అంత మంచిది.

అల్లం, మిరియాలతో రోజుకో చిన్న గ్లాసు తాగితే నాకేం అభ్యంతరం లేదు. గుండె పంపింగ్ తగ్గి, నీళ్ళు ఇన్నే తాగాలని చెప్పించుకున్నవాళ్ళు మాత్రం కషాయం, మజ్జిగ, రసం, అన్నీ ఆ లెక్కలోనే వేసుకోవాలి. కషాయంలో అతిమధురం ఎక్కువ వాడితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. దాంతోపాటు ఇది ఆవకాయ కాలం. అందరూ ఇంట్లోనే ఉన్నారు, జాడీ నిండుగా ఉంది, కూరలు తక్కువ. రోజుకు ఉప్పు మొత్తం కలిపి ఒక టీస్పూను దాటకూడదు, సంగటిలోకి రెండు ముక్కల ఊరగాయ వేసుకుంటే అందులో పెద్ద వాటా అక్కడే అయిపోతుంది. రోజూ పొద్దున్నే పాసుకు వెళ్ళాక, ఏమీ తినకముందు బరువు చూసుకోండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒళ్ళు కాదు, నీరు. కాళ్ళ వాపు కోసం ఎదురుచూడకుండా ఫోన్ చేయండి.

గట్టిగా దగ్గితే హార్ట్ అటాక్ ఆగిపోతుందన్న మెసేజ్ మళ్ళీ తిరుగుతోంది. ఆగదు. కూర్చోండి, 108కి చెప్పండి, బండి నడపకండి. డాక్టర్ ముందే రాసిచ్చి ఉంటే గుండె నొప్పికి వాడే సార్బిట్రేట్ మాత్ర కూర్చునే నాలుక కింద పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కింద పడతారు.

నడక ఆపకండి. అలిపిరి మెట్ల దారి మూసినా మిద్దె ఉంది, ఎండ ఎక్కకముందు అరగంట చాలు, మధ్యలో ఆయాసం వస్తే ఆగండి.

ఇంకొకటి, ఇవాళే చేయండి. డిశ్చార్జ్ కాగితం, మందుల చీటీ, పాత ఈసీజీ, ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఒక సంచిలో వేసి తలుపు పక్కన తగిలించండి. ఈసీజీ కాగితం వేడికి వెలిసిపోతుంది, మన తిరుపతి ఎండలకు బీరువాలో పెట్టినా కొన్నాళ్ళకు గీత మసకబారుతుంది. జిరాక్స్ షాపు తెరిచేదాకా ఆగక్కర్లేదు, ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. కొత్త ఈసీజీ పక్కన పాతది పెట్టి చూస్తే, మీకు ఇంజెక్షన్ కావాలో వద్దో మేం అక్కడికక్కడే తేల్చుకోగలం.