పల్స్ 115 దగ్గరే ఆగిపోతే

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న ఒకాయన, చేతులతో తిప్పే పెడల్ మిషన్ ముందు వీల్‌చైర్‌లో కూర్చున్నాడనుకోండి. వేళ్లకు పట్టు లేదు కాబట్టి అరచేతులను పట్టీలతో హ్యాండిళ్లకు కట్టారు. ముందుకు తూలిపోకుండా ఛాతీకి అడ్డంగా ఒక బెల్టు. ఒక నిమిషం పాటు శక్తికొద్దీ తిప్పాడు. రొప్పుతున్నాడు, మాట పెగలడం లేదు. పక్కనున్న కొత్త ట్రైనర్ పల్స్ చూశాడు: 115. "ఇంకా వార్మప్ దగ్గరే ఉన్నారు సార్, కొంచెం గట్టిగా తిప్పండి!" అన్నాడు.

పొరపాటు ట్రైనర్‌దే. ఆయన అప్పటికే తన గుండె వెళ్లగలిగినంత దూరం వెళ్లిపోయాడు.

లోపం గుండెది కాదు, వైరింగ్‌ది. గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నాడి మెదడు అడుగు భాగం నుంచి నేరుగా వస్తుంది, దానికి వెన్నుపాముతో పని లేదు. వేగం పెంచే సింపథెటిక్ నాడులు మాత్రం వెన్నుపాము గుండా కిందికి దిగి, ఛాతీ వెనక మొదటి నాలుగైదు వెన్నుపూసల దగ్గర బయటికొస్తాయి. మెడ దగ్గర వెన్నుపాము పూర్తిగా దెబ్బతింటే బ్రేకు బాగానే ఉంటుంది, యాక్సిలరేటర్ వైరు తెగిపోతుంది. బ్రేకు వదిలేస్తే వచ్చే వేగమే ఇక ఆ గుండెకు దిక్కు. అందుకే చాలామందిలో ఎంత కష్టపడ్డా పల్స్ 110-130 మధ్యే ఆగిపోతుంది. గాయం నడుము దగ్గరైతే ఈ గొడవ లేదు, పల్స్ మామూలుగానే ఎగబాకుతుంది.

కాబట్టి పల్స్ ఎంతవరకు పోగలదో చెప్పే "220లోంచి వయసు తీసేయ్" అనే జిమ్ లెక్క ఇక్కడ చెల్లదు. దాని బదులు ఎంత కష్టంగా ఉందో మనిషినే అడుగుతారు. స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ తయారుచేసిన 6 నుంచి 20 వరకు ఉండే కొలమానం ఇందుకు పనికొస్తుంది. ఇందులో ఒక తమాషా ఉంది. చెప్పిన అంకెను పదితో గుణిస్తే సుమారుగా పల్స్ వచ్చేలా ఆయన దాన్ని రూపొందించాడు. ఇక్కడ ఆ గుణకారం తప్పుతుంది, కొలమానం మాత్రం నిలుస్తుంది. ఇంకా తేలికైన పద్ధతి, మాట్లాడించడం. పూర్తి వాక్యం చెప్పలేక ఒకటి రెండు మాటల దగ్గరే ఆగిపోతున్నాడంటే అది తీవ్రమైన వ్యాయామమే.

అసలు అంత తీవ్రంగా చేయడం ఎందుకు? ఒంట్లో పెద్ద కండరాలన్నీ తొడల్లో, పిరుదుల్లో ఉంటాయి. అవి మౌనంగా ఉంటే భారమంతా చేతుల మీద పడుతుంది. కాలి కండరాలు పిండితే కింది రక్తం గుండెకు సులువుగా తిరిగొస్తుంది. ఆ పిండడం లేక కొంత రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది. ఇంకో సంగతి, మంచం మీంచి కుర్చీలోకి మారడం, ర్యాంపు ఎక్కడం లాంటి రోజువారీ పనులు వాళ్లకు అర నిమిషం పాటు సాగే పెద్ద కసరత్తులు. ఒక నిమిషం గట్టిగా, ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా, అలా పలుమార్లు చేసే ఇంటర్వల్ పద్ధతి నా దృష్టిలో వాళ్ల జీవితానికి దగ్గరగా ఉండే వ్యాయామం. అయితే ఇప్పటివరకు జరిగిన అధ్యయనాలు చాలావరకు కొద్దిమందితో చేసిన చిన్నవి. ఎక్కువసేపు నెమ్మదిగా చేసినా దమ్ము పెరుగుతుంది, తీవ్రంగా చేస్తే తక్కువ సమయంలో పని అవుతుంది. అంతకుమించి గొప్పలు చెప్పడం తొందరపాటే. 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు అడిగేది కూడా కొండంత కాదు. దమ్ము కోసం వారానికి రెండుసార్లు, కనీసం 20 నిమిషాల చొప్పున మధ్యస్థం నుంచి తీవ్రంగా వ్యాయామం, దాంతోపాటు కండరాల బలానికి రెండుసార్లు కసరత్తు.

ఇక భయపడాల్సిన విషయం. ఛాతీ వెనక ఆరో వెన్నుపూస దగ్గర గానీ, అంతకన్నా పైన గానీ గాయమైన వాళ్లలో, కింది భాగంలో ఏ చిన్న ఇబ్బంది వచ్చినా బీపీ ఒక్కసారిగా ఎగిసిపోవచ్చు. మూత్రాశయం నిండిపోవడం, యూరిన్ గొట్టం మెలిపడడం, బిగుతైన పట్టీ, ఏదైనా చాలు. తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడడం, చెమటలు దాని గుర్తులు. వీళ్ల మామూలు బీపీయే తక్కువగా ఉంటుంది కాబట్టి, పై అంకె 20-40 పెరిగినా ప్రమాద సూచనే. వెంటనే వ్యాయామం ఆపి, నిటారుగా కూర్చోబెట్టి, బిగుతుగా ఉన్నవి వదులుచేసి, ముందు గొట్టం చూడాలి. తగ్గకపోతే అది అత్యవసర పరిస్థితే. విచిత్రమేమిటంటే, ఈ ప్రమాదాన్నే కొందరు పారాలింపిక్ క్రీడాకారులు కావాలని తెచ్చుకున్నారు, బీపీ పెరిగితే వీల్‌చైర్ పందెంలో లాభం కాబట్టి. దాన్ని 'బూస్టింగ్' అంటారు, నిషేధించారు.

చెమట సంగతి కూడా మర్చిపోకూడదు. గాయానికి కింద సరిగ్గా చెమట పట్టదు, ఒళ్లు త్వరగా కాగిపోతుంది. ఫ్యాను, తడి గుడ్డ దగ్గర ఉండాలి. భుజాలైతే మరీ విలువైనవి. కుర్చీ నడిపేవి, మంచం ఎక్కించేవి అవే. అవి అరిగితే వాటి పని చేయడానికి వేరే కీళ్లు లేవు.

అందుకే కాళ్లను కూడా పనిలోకి దింపే ప్రయత్నాలు జరుగుతున్నాయి. తొడల మీద ఎలక్ట్రోడ్లు అంటించి, విద్యుత్తుతో కండరాలను బిగించి సైకిల్ తొక్కిస్తారు. 2016లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ దగ్గర జరిగిన సైబథ్లాన్‌లో, అంటే వికలాంగులు సాంకేతిక పరికరాల సాయంతో తలపడే పోటీలో, ఇలాంటి సైకిళ్లకు పందెమే పెట్టారు. కాళ్లకు కరెంటు, చేతులకు సొంత బలం కలిపి పడవ తెడ్డు లాగినట్టు చేసే రోయింగ్ ఇంకా మెరుగు, ఎక్కువ కండరాలు ఒకేసారి ఆక్సిజన్ అడుగుతాయి. ఏళ్ల తరబడి బరువు మోయని కాలి ఎముకలు పెళుసుగా ఉంటాయి కాబట్టి ముందు వాటిని పరీక్షించుకోవాలి. మెడ గాయమైతే ఇంకో అడ్డంకి. ఊపిరితిత్తుల కింద ఉండి గాలి పీల్పించే కండరం, డయాఫ్రమ్, పనిచేస్తున్నా పక్కటెముకల మధ్య కండరాలు సహకరించవు. కాళ్లు ఎంత అడిగినా, ఆ ఛాతీ లోపలికి తీసుకోగలిగినంత గాలే తీసుకుంటుంది.