మంగోలులు అందరినీ చంపేశారా? కొన్ని అపోహలు, అసలు సంగతులు

డిగ్రీ పిల్లలకు మధ్యయుగ చరిత్ర చెప్తుంటాను. చెంఘిజ్ ఖాన్ పాఠం వచ్చేసరికి క్లాసు రెండుగా చీలిపోతుంది. సగం మందికి అతను రాక్షసుడు, మిగతా సగానికి, ఈమధ్య రీల్స్ పుణ్యమా అని, ప్రపంచాన్ని కలిపిన మహానుభావుడు. రెండు పక్షాలూ ఒక సంగతి వదిలేస్తాయి. మంగోలు పాలకులు జయించిన జనాన్ని తమ ఆస్తి కింద లెక్కగట్టుకున్నారు, మందను అన్నదమ్ములు పంచుకున్నట్టు పంచుకున్నారు. చంపడం, వదిలేయడం, వేల మైళ్లు తరలించడం, ఆ తర్వాత పన్నులు వేయడం, అన్నీ ఆ లెక్కలోవే.

అపోహ: ఊళ్లో దొరికినవాళ్లను దొరికినట్టు నరికేసేవారు.

మధ్య ఆసియాలోని సమర్కంద్ సంగతి చూడండి. 1220లో నగరం లొంగాక కోటలో దాక్కుని పోరాడినవాళ్లను చంపేశారు. తర్వాత జనాన్ని విడదీశారు. చేతిపని తెలిసినవాళ్లు 30,000 మందిని ఏరి చెంఘిజ్ ఖాన్ కొడుకులకూ బంధువులకూ పంచారు, దాదాపు అంతమంది కుర్రవాళ్లను తర్వాతి ముట్టడుల్లో పనికొస్తారని పట్టుకుపోయారు, మిగిలినవాళ్లు 2,00,000 దీనార్లు కట్టి ఊళ్లోకి వెళ్లొచ్చన్నారు. ఇదంతా రాసింది జువైనీ, మంగోలుల దగ్గరే కొలువు చేసిన పర్షియన్ అధికారి. 1221లో, ఇప్పటి తుర్క్‌మెనిస్తాన్‌లోని మెర్వ్‌లోనూ చేతిపనివాళ్లు 400 మందిని, కొందరు పిల్లల్ని పక్కన పెట్టి మిగతావాళ్లను సైనికులకు తలా ఇంతమంది అని చంపడానికి అప్పగించారట. కోపంతో ఊగిపోయే గుంపు చేసే పని కాదది. నాకు అదే ఎక్కువ భయం వేస్తుంది.

ఇక అంకెలు. మెర్వ్ శవాలను 13 రోజులు లెక్కపెడితే 13 లక్షలు దాటాయని జువైనీ అంటాడు. అంతకుముందే అరబ్ చరిత్రకారుడు ఇబ్న్ అల్ అసీర్ 7 లక్షలన్నాడు. ఇప్పటి చరిత్రకారుల్లో చాలామంది ఈ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు తీసుకోరు. అలాగని ఊచకోత అబద్ధమైపోదు, ఆ నగరాన్ని మళ్లీ కట్టించడానికి 1409 ప్రాంతంలో తైమూరు కొడుకు షారుఖ్ రావాల్సి వచ్చింది. ఉత్తర చైనాలో జిన్ రాజ్యం 1207 ప్రాంతంలో లెక్కించిన కుటుంబాలు సుమారు 80 లక్షలు, 1230లలో మంగోలుల లెక్కకు వచ్చినవి 20 లక్షల లోపే. ఈ తేడా అంతా చావులే అని సోషల్ మీడియాలో రాసేస్తారు. పారిపోయినవాళ్లు, ఏదో ఒక మంగోలు నాయకుడి కింద బానిసలై లెక్కకు అందనివాళ్లు కూడా అందులోనే ఉన్నారు. కరువు, రోగాలు సరేసరి.

అపోహ: లెక్కలేనంత గుర్రపు దండుతో వచ్చి పడ్డారు.

1227లో చెంఘిజ్ ఖాన్ పోయేనాటికి సైన్యం 1,29,000 అని ఇరాన్ మంగోలుల దగ్గర మంత్రిగా ఉన్న రషీదుద్దీన్ రాశాడు. అంతమందితో కొరియా సరిహద్దు నుంచి కాస్పియన్ దాకా ఎలా గెలిచారంటే, ఒక చోట పట్టుకున్న పనితనాన్ని ఇంకో చోట వాడారు. చైనా ఇంజనీర్లతో మధ్య ఆసియా గోడలు కూల్చారు. అదే తిరగేసి, దక్షిణ సాంగ్ రాజ్యానికి గుమ్మం లాంటి షియాంగ్యాంగ్ ఏళ్ల తరబడి లొంగకపోతే, చెంఘిజ్ మనవడు కుబ్లాయ్ పశ్చిమాసియా నుంచి ఇస్మాయిల్, అలాఉద్దీన్ అనే ఇద్దరు నిపుణుల్ని తెప్పించి పెద్ద రాళ్లు విసిరే యంత్రాలు కట్టించాడు. 1273లో నగరం లొంగింది.

అపోహ: సంచార జాతులకు వ్యవసాయం విలువ ఎప్పటికీ తెలియలేదు.

మొదట్లో తెలియలేదు, నిజమే. చెంఘిజ్ కొడుకు, వారసుడు ఒగెదెయ్ ఖాన్ కొలువులో ఒకాయన, ఈ చైనా జనం మనకెందుకూ పనికిరారు, పొలాలన్నీ ఖాళీ చేయించి గడ్డిమైదానం చేద్దాం అన్నాడు. నిజంగానే అన్నాడు! దానికి అడ్డుపడింది ఖితాన్ జాతికి చెందిన యెలు చుత్సాయ్, నిలువెత్తు మనిషి, పొడవాటి గడ్డం. ఆయన జాలి మాటలు చెప్పలేదు, చెప్పినా పనిచేసేవి కావు. పద్ధతిగా పన్ను వేస్తే ఏడాదికి 5,00,000 లియాంగుల (చైనా తూకం) వెండి, 80,000 తానుల పట్టు, 4,00,000 బస్తాల ధాన్యం వస్తాయని లెక్క చూపించాడు. సరే చేసి చూపించమన్నారు. 1231లో ఆ రాబడి కళ్లెదుట పెట్టేసరికి ఖాన్ ఆయన్ని తన సచివాలయానికి పెద్దను చేశాడు. కోట్ల మంది రైతుల బతుకు ఒక బడ్జెట్ అంచనా మీద నిలబడిందన్నమాట.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 1239లో అబ్దుర్ రహమాన్ అనే వ్యాపారి పన్ను వసూలు చేసుకునే హక్కును, 22,000 వెండి కడ్డీలున్న పాటను, 44,000కు పాడుకున్నాడు. పాట పెరిగితే ఎవడి నడ్డి విరుగుతుందో మనకు కొత్తగా చెప్పాలా? ఇరాన్‌లోనైతే రైతును బతకనివ్వాలన్న బుద్ధి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. రైతు ఎడ్లనూ విత్తనాలనూ లాక్కుంటే వచ్చే ఏడు ఏం తింటారని అక్కడి మంగోలు పాలకుడు గాజాన్ ఖాన్ (1295-1304) తన మంగోలు ప్రభువుల్నే అడగాల్సి వచ్చింది.

అపోహ: బాగ్దాద్‌ను, ఇస్లామిక్ విజ్ఞానాన్ని ఒక్క దెబ్బతో అంతం చేశారు.

1258లో కుబ్లాయ్ తమ్ముడు హులాగు బాగ్దాద్‌లో చేసింది ఘోరమే, ఖలీఫాను కూడా చంపించాడు. కానీ నగరానికి తూర్పున పొలాలకు నీళ్లిచ్చే నహ్రవాన్ కాలువ అంతకు 300 ఏళ్ల ముందే, ఖలీఫాల సొంత సేనానుల కొట్లాటలో తెగి పాడైంది. ఇక విజ్ఞానమంటారా, అదే హులాగు మరుసటి ఏడాది ఖగోళ శాస్త్రవేత్త నసీరుద్దీన్ తూసీ చేత ఇరాన్‌లోని మరాగాలో వేధశాల కట్టించడం మొదలుపెట్టాడు. ఖాన్‌కు జాతకం కావాలి, తూసీకి గ్రహాల లెక్కలు కావాలి, ఇద్దరి పనీ అయింది.

అపోహ: మంగోలుల కాలంలో సిల్క్ రోడ్డు మీద పూర్తి శాంతి.

మార్కో పోలో చైనా నుంచి తిరుగు ప్రయాణం సముద్రం మీద ఎందుకు చేశాడో చూడండి. ఇరాన్ ఖాన్‌కు పెళ్లికూతుర్ని తీసుకెళ్లాల్సిన రాయబారులు ముందు నేలదారినే బయల్దేరి, మంగోలు దాయాదుల యుద్ధాల వల్ల దారి మూసుకుపోయి వెనక్కొచ్చారు. ఆ ఓడ ప్రయాణం పుణ్యమే, ఆయన పుస్తకంలో మన మోటుపల్లి 'ముత్ఫిలి' పేరుతో చేరింది, ఆ రాజ్యాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందన్న మాటతో సహా. రుద్రమదేవే అని మనవాళ్ల నిర్ణయం.

అపోహ: వాళ్లు సెక్యులర్.

చాలా మతాల గురువులకు పన్ను మాఫీ ఇచ్చారు, ఖాన్ బాగుండాలని ప్రార్థించమని. కానీ కుబ్లాయ్ 1280లో హలాల్ పద్ధతిలో జంతువుల్ని కోయడం నిషేధించాడు.

అపోహ: మన ఎండలకు భయపడి భారతదేశం వైపు రాలేదు.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, 1241లో లాహోర్ దోచుకున్నారు, అలాఉద్దీన్ ఖిల్జీ కాలంలో పదే పదే వచ్చారు. 1303లో మంగోలు సేనాని తర్గీ ఏకంగా ఢిల్లీ బయట యమున ఒడ్డున రెండు నెలలు మకాం వేశాడు. సుల్తాను అప్పుడే చిత్తోడ్ నుంచి అలసిపోయి వచ్చాడు. సుల్తాను పంపిన ఇంకో సైన్యం ఓరుగల్లు మీదికి వెళ్లి, వానల్లో చిక్కి, ప్రతాపరుద్రుడి సేనల చేతిలో దెబ్బతిని (మన పాఠ్యపుస్తకాల్లోని ఉప్పరపల్లి యుద్ధం ఇదే) తిరిగొస్తే, మంగోలులు యమున దాటే రేవులన్నీ పట్టుకుని ఉండటంతో ఢిల్లీ చేరలేకపోయింది. తర్గీ ఎందుకో తనంతట తానే వెళ్లిపోయాడు కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఖిల్జీ సిరి కోట కట్టుకుని, పెద్ద సైన్యాన్ని పెట్టి, ఏడాదికి 234 టంకాల జీతంతో గుర్రపు సైనికుడు బతకాలని బజారులో ధరలు కట్టడి చేశాడని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాశాడు. అంత సైన్యాన్ని మేపడానికి సొమ్ము కావాలి. ఖిల్జీ సేనాని మాలిక్ కాఫూర్ 1309-10లో ఓరుగల్లుకు వచ్చి ఏనుగుల్నీ గుర్రాల్నీ ఖజానానూ తరలించుకుపోవడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటని నా ఉద్దేశం. మంగోలులు గోదావరి దాటలేదు గానీ, వాళ్లను ఆపడానికైన ఖర్చులో కొంత కాకతీయులు కట్టారు.