ఎంతో అంత

చిట్టితల్లికీ, నీ భుజం మీదుగా ఈ ఉత్తరంలోకి తొంగి చూస్తున్న తమ్ముడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి వెంటనే జవాబు తోచక, "అన్నం తిని పడుకో, ఉత్తరం రాస్తాను" అని తప్పించుకున్నాను. "నిన్నటి లెక్కలో ఎక్స్ అంటే 4 అన్నారు. ఇవాళ 7 అంటున్నారు. అసలు ఎక్స్ ఎంత తాతయ్యా?" అన్నావు. ఆ రాత్రి నాకే నిద్ర పట్టలేదు.

ఈ సంగతి మా నాయనమ్మకు బాగా తెలుసు. బడి గుమ్మం తొక్కని మనిషి. ఆ రోజుల్లో ఆడవాళ్లు భర్త పేరు నోట పలకకూడదనుకునేవారు. మా తాత ఆవిడకు ఎప్పుడూ "ఆయన". "ఆయన పొలం వెళ్లారు." "ఆయనకు మజ్జిగ పులుపెక్కకూడదు." పక్కింటి అవ్వ కూడా "ఆయన" అనే అనేది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుకున్నా, ఎవరి ఆయన ఎవరో ఒక్కనాడూ తికమకపడలేదు. ఎక్స్ కూడా అంతే తల్లీ. నిన్నటి లెక్క ఒక ఇల్లు, ఇవాళ్టిది ఇంకో ఇల్లు. ఇల్లు మారితే "ఆయన" మారతాడు. ఒకే ఇంట్లో మాత్రం మారడు. లెక్క మొదటి వరసలో ఎక్స్ ఎంతో, ఆఖరి వరసలోనూ అంతే. దీన్నే మీ పుస్తకం చరరాశి అంటుంది. 7 ఉంది చూశావా, దానికి ఆ మొహమాటం లేదు. ఏ ఇంటికి వెళ్లినా అది ఏడే. అది స్థిరరాశి.

1971లో జనాభా లెక్కల కోసం మా ఇంటికి ఒక పంతులుగారు వచ్చారు. నాకప్పుడు పదేళ్లు. ఇంట్లో నాయనమ్మ, నేను. "ఇంటి యజమాని పేరేమిటమ్మా?" అన్నారాయన. నేను చెప్పబోతే నాయనమ్మ ఆగమన్నట్టు చూసింది. పెద్దమనిషి అడిగింది తనను కదా, తానే చెప్పాలి. "ఏడుకొండలవాడి పేరేనండీ" అంది.

"వేంకటేశ్వర్లా?"

తల అడ్డంగా ఊపింది.

"శ్రీనివాసులా? తిరుపతయ్యా?"

కాదు. పంతులుగారు కలం మూత పెట్టేశారు. ఆ స్వామికి ఒక పేరా రెండు పేర్లా! అప్పుడు నాయనమ్మ, "మెట్లెక్కేటప్పుడు అందరూ ఏమని అరుస్తారండీ?" అంది.

"గోవిందు!" అని గట్టిగా అనేసి, ఆయన కాగితం మీద రాసుకున్నారు. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. (నాకు పెట్టిందీ ఆ పేరే. అందుకే పాపం నన్ను కూడా ఆవిడ ఎన్నడూ పేరుతో పిలవలేదు, "అబ్బాయ్" అనేది.)

ఆ రోజు జరిగింది బీజగణితమే. రెండు అంకెలు కలిపితే 10 అని మాత్రం చెబితే 9, 1 కావచ్చు, 8, 2 కావచ్చు, ఇంకా ఎన్నో. ఏడుకొండలవాడి పేరు అన్నట్టే ఉంటుంది. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 4 అని ఇంకో మాట జోడించి చూడు. 7, 3 తప్ప ఇంకేవీ మిగలవు. ఇలా "ఇదీ అదీ సమానం" అని చెప్పే ఒక్కొక్క మాటా ఒక్కొక్క సమీకరణం.

ఇక మూడు ఎక్స్‌లు అంటే ఏమిటంటావు. ఇక్కడికి వచ్చేసరికి మా నాయనమ్మ పోలిక పనికిరాదు. ముగ్గురు ఆయనలంటే ఆవిడ చీపురు తీసుకుంటుంది! అందుకని ఆవిడ చింతగింజల దగ్గరికి పోదాం. మా వామనగుంటల ఆట కోసం గింజలు కడిగి, ఎండబెట్టి, లెక్కపెట్టి, పాత చీర పీలికల్లో సమానంగా మూటలు కట్టి దాచేది. ఒక్కో మూటలో ఎన్నున్నాయో మాకు చెప్పేది కాదు. మూడు మూటలు, పైన విడిగా రెండు గింజలు, అన్నీ కలిపి 17 అనుకో. 3ఎక్స్ + 2 = 17. మూటల ముందున్న ఆ 3 గుణకం. విడి గింజలు రెండూ పక్కన పెడితే మూడు మూటల్లో 15. మూటకు 5. విప్పి చూసుకో, సరిపోతుంది.

మూడు మూటలూ రెండు గింజలూ కలిపి ఐదు అని మాత్రం రాయకు. ఐదు ఏమిటి? మూటలా, గింజలా? మూట మూటతోనే, గింజ గింజతోనే కలుస్తుంది. సజాతి పదాలు అని పెద్ద పేరు పెట్టారు గానీ సంగతి ఇంతే. నేనూ చిన్నప్పుడు ఐదనే రాసి గుంజీలు తీశాను. బీజం అంటే గింజే కదా అని తట్టడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

1150లో భాస్కరాచార్యుడు తెలియని మొదటి రాశిని యావత్-తావత్ అన్నాడు. అంటే "ఎంతో అంత". రెండోది నలుపు, మూడోది నీలం, తరవాత పసుపు, ఎరుపు, ఇలా రంగుల పేర్లు పెట్టుకుంటూ పోయాడు. ఎక్స్, వై అనే అక్షరాలను 1637లో దెకార్త్ అనే ఫ్రెంచి ఆయన అలవాటు చేశాడు. నాకైతే రంగులే బాగున్నాయి. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని, దానికీ ఒక పేరు పెట్టి, పీట వేసి కూర్చోబెట్టి మాట్లాడటం చిన్న సంగతి కాదు తల్లీ. పెద్దవాళ్లలోనే చాలామందికి చేతకాదు.

ఇప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లు. మీ నాయనమ్మను ఏదో ఒక అంకె మనసులో తలుచుకోమను, నీకు చెప్పవద్దను. దాన్ని రెట్టింపు చేయమను. పది కలపమను. సగం చేయమను. మొదట తలుచుకున్నది తీసేయమను. "ఐదు వచ్చింది కదూ?" అను. తమ్ముణ్ణి కూడా అడుగు, వాడు వెయ్యి తలుచుకున్నా ఐదే వస్తుంది. ఎందుకని నన్ను అడగవద్దు. డబ్బాలో చింతగింజలు ఉన్నాయి, పాత గుడ్డపీలికలు అమ్మనడుగు.

ఇట్లు,
మీ తాతయ్య