మెట్లెక్కితే ఆయాసం ఎందుకొస్తుంది?

అలిపిరి పాదాల మండపం నుంచి తిరుమలకు 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు, ఆ తర్వాత చాలా దూరం ఇంచుమించు చదును నడక, చివర్లో మోకాళ్ల మెట్టు. అక్కడికి చేరేసరికి గోవిందా అనడానికి కూడా ఊపిరి మిగలదు. ‘గాలి చాలడం లేదబ్బా’ అంటూ మెట్టు మీదే కూలబడతారు. కొండ మీద ఆక్సిజన్ తక్కువ కదా, అందుకేనని పక్కవాళ్లు సర్దిచెబుతారు. నర్సింగ్, ఫిజియోథెరపీ చదివే పిల్లల్ని అడిగినా చాలామంది ఇంచుమించు ఇదే మాట అంటారు: కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, రక్తంలో అది తగ్గిపోతుంది, అందుకే రొప్పు. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, ఆరోగ్యంగా ఉన్న మనిషి విషయంలో ఇది నిజం కాదు.

కోవిడ్ తర్వాత పల్స్ ఆక్సిమీటర్ చాలా ఇళ్లకు చేరింది. మోకాళ్ల మెట్టు దగ్గర రొప్పుతున్న కుర్రాడి వేలి చెమట తుడిచి, చెయ్యి కదలకుండా పట్టుకుని, దాన్ని తగిలించి చూడండి. నాడి 150 దాకా ఉంటుంది. ఆక్సిజన్ అంకె మాత్రం 96, 97 దగ్గర నిలకడగా ఉంటుంది. తిరుమల సముద్రమట్టానికి 850 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ గాలి పీడనం దాదాపు పదోవంతు తక్కువ. అయినా రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ దాన్ని లెక్కచేయదు. ఊపిరితిత్తుల గాలి గదుల్లో ఆక్సిజన్ పీడనం 100 మిల్లీమీటర్ల (పాదరసం) నుంచి 85కి పడినా అది దాదాపు పూర్తిగానే నిండుతుంది. పీడనం 60 కిందికి దిగితేనే ఆ నిండుదనం గబగబా జారిపోతుంది.

మరి రొప్పు ఎక్కడిది? ఊపిరిని నడిపేది ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్. హాల్డేన్, ప్రీస్ట్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1905లోనే ఈ సంగతి చూపించారు. మెదడు అడుగున మజ్జాముఖంలో ఉన్న కణాలు చుట్టూ ఉన్న ద్రవంలో ఆమ్లత్వం ఏ కాస్త పెరిగినా పసిగడతాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగిందంటే ఆమ్లత్వం పెరిగినట్టే. మెడలో, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని చీలేచోట మరో కాపలా ఉంది. అది ఆమ్లత్వంతో పాటు ఆక్సిజన్‌ను కూడా గమనిస్తుంది. కెరోటిడ్, బృహద్ధమనుల దగ్గరి ఈ ఏర్పాట్లు ఊపిరిని ఎలా నియంత్రిస్తాయో కనిపెట్టినందుకే శాస్త్రవేత్త కార్నీల్ హేమన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది.

ఇక్కడ నాకు ఎప్పటికీ ఆశ్చర్యంగా అనిపించే విషయం ఒకటుంది. మామూలు వేగంతో మెట్లెక్కేటప్పుడు ధమనుల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కూడా పెద్దగా పెరగదు! కాలు కదపమని మెదడు ఆజ్ఞ ఇస్తూనే ఊపిరి కేంద్రానికీ కబురు పెడుతుంది. కండరాల నుంచీ, కీళ్ల నుంచీ కూడా సమాచారం వెళుతుంది. దాంతో వాయువు ఎంత తయారవుతుందో అంతా బయటికి పోయేలా ఊపిరి ముందే పెరుగుతుంది. మోకాళ్ల మెట్టు లాంటి నిటారు చోట కండరాలు లాక్టిక్ ఆమ్లం వదలడం మొదలయ్యాక కెరోటిడ్ కాపలా గట్టిగా గంట కొడుతుంది. మనకు తెలిసే ఆయాసం చాలావరకు అదే.

బావిలో మునక పందెం వేసే కుర్రాళ్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి. దూకేముందు గబగబా నాలుగైదు పెద్ద ఊపిర్లు తీస్తే ఎక్కువసేపు ఉండొచ్చంటారు. ఉండగలరు కూడా. కానీ అలా చేస్తే ఆక్సిజన్ నిల్వ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తహతహ పుట్టకముందే ఆక్సిజన్ అడుగంటి, నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. ఈత బాగా వచ్చినవాళ్లు కూడా ఇలా చనిపోతారు.

ఇక ఆక్సిమీటర్ చెప్పని సంగతి. తిరుపతిలో ఎటు చూసినా హాస్టళ్లే. మూడో అంతస్తు ఎక్కితేనే గుండె దడదడలాడే అమ్మాయిలు వాటిలో చాలామందే ఉంటారు. వేలికి ఆక్సిమీటర్ పెట్టి, ‘98 ఉందిలే, నీకేం కాలేదు’ అని పంపేస్తారు. ఆ 98 ఉన్న హిమోగ్లోబిన్‌లో నూటికి ఎంత ఆక్సిజన్‌తో నిండిందో చెబుతుంది గానీ, అసలు హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. ఘాట్ రోడ్డు బస్సుల్లో సీట్లన్నీ నిండాయని తెలిసినంత మాత్రాన ఎన్ని బస్సులు తిరుగుతున్నాయో తెలిసినట్టు కాదు కదా.

లెక్క వేసి చూడండి. ఒక గ్రాము హిమోగ్లోబిన్ 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 గ్రాములుంటే 20 మిల్లీలీటర్లు. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తం పంపుతుంది కాబట్టి 1,000 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఒంటికి అందుతుంది. ఖర్చయ్యేది 250 మాత్రమే. హిమోగ్లోబిన్ 7.5 గ్రాములే ఉన్న అమ్మాయికి అందేది 500. మంచం మీద కూర్చున్నంతసేపూ ఇది సరిపోతుంది, అందుకే రక్తహీనత బయటపడదు. మెట్లెక్కితే నిమిషానికి 1,500 మిల్లీలీటర్లకు పైగా కావాలి. గుండె మూడింతలు కొట్టుకున్నా అంతే అందుతుంది, అందినదంతా కండరం పిండుకోలేదు. తొందరగానే లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, కెరోటిడ్ గంట మోగుతుంది. ఆక్సిమీటర్‌లో మాత్రం 98.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే, చదువుకునే పిల్లలారా, ఆయాసమని ఎవరైనా వస్తే వేలి కంటే ముందు కింది కనురెప్ప లాగి చూడండి. లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష రాయించండి. గర్భిణి కాని స్త్రీకి అది 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. పడుకుంటే ఊపిరాడకపోవడం, ఛాతీ నొప్పి, కాళ్ల వాపు ఉంటే అది గుండె సంగతి కావచ్చు, ఆలస్యం చేయకూడదు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు కాలినడకన రావద్దని టీటీడీ చెప్పేది ఊరికే కాదు.

ఇనుము లోపమని తేలితే మందు చవకే. ఆ మాత్ర టీతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది. విరేచనం నల్లగా వస్తుంది, దానికి భయపడి చాలామంది మధ్యలోనే మానేస్తారు. ఆ నలుపు మాత్ర వల్లే, కంగారు అక్కర్లేదు. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ ఒకటి రెండు గ్రాములు పెరుగుతుంది. పెరగకపోతే కారణం వేరే ఉన్నట్టు, మళ్లీ డాక్టర్‌కు చూపించాలి. అంకె మామూలుకు వచ్చాక కూడా మరో మూడు నెలలు వాడాలి, ఎందుకంటే కాలేయంలోనూ ఎముక మజ్జలోనూ ఇనుము నిల్వలు అప్పటికింకా నిండి ఉండవు.