మానసిక నర్సింగ్ లైసెన్సు: వేరు పరీక్ష ఎక్కడ పుట్టింది, మన దగ్గరకు ఎందుకు రాలేదు

హైదరాబాద్‌లో నర్సింగ్ చదివినవారు లైసెన్సు కోసమంటూ విడిగా ఏ పరీక్షా రాయరు. విశ్వవిద్యాలయం పెట్టే ఆఖరి సంవత్సరం పరీక్షలు గట్టెక్కి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుంటే రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అనే రెండు హోదాలూ ఒకేసారి వస్తాయి. ఆ ఒక్క నమోదుతోనే ప్రసూతి వార్డులోనూ, గుండె జబ్బుల ఐసీయూలోనూ, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలోనూ డ్యూటీ చేయవచ్చు. స్టాఫ్ నర్సు పోస్టులకు ప్రభుత్వం పెట్టేది నియామక పరీక్షే గాని లైసెన్సు పరీక్ష కాదు. అదే నర్సు మానసిక విభాగంలోనే పనిచేయాలని ఇంగ్లండుకో పశ్చిమ కెనడాకో దరఖాస్తు పెట్టుకుంటే, ఏ రిజిస్టరులో పేరు కావాలో, ఆ విభాగంలో ఎంత శిక్షణ పొందిందో ముందుగా చెప్పాల్సి వస్తుంది. ఈ తేడా వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

ఇంగ్లండులో మానసిక రోగుల ఆశ్రమాలు సాధారణ ఆసుపత్రులకు దూరంగా, ఊళ్ల వెలుపల ఒక వేరు ప్రపంచంగా పెరిగాయి. అక్కడ రోగులను చూసుకునేవారిని అటెండెంట్లు అనేవారు. వారిలో చాలామంది నర్సింగ్ పాఠశాల గడప తొక్కినవారు కారు. వారి కోసం ఆశ్రమ వైద్యుల సంఘమైన మెడికో సైకలాజికల్ అసోసియేషన్ ఆధ్వర్యంలో 1885లో ఒక చేతిపుస్తకం వచ్చింది. 1891 నుంచి ఆ సంఘమే పరీక్ష పెట్టి సర్టిఫికెట్లు ఇవ్వసాగింది. అంటే సాధారణ నర్సులకు ప్రభుత్వ రిజిస్టరు రావడానికి దాదాపు 30 ఏళ్ల ముందే మానసిక నర్సులకు దేశవ్యాప్త పరీక్ష ఒకటి నడుస్తోంది. 1919లో నర్సుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చినప్పుడు సాధారణ నర్సులను ప్రధాన భాగంలో, మానసిక నర్సులను అనుబంధ భాగంలో చేర్చారు. పురుష నర్సులను కూడా మరొక అనుబంధ భాగంలోకే నెట్టారంటే నాటి ఆలోచన ఎలా ఉండేదో ఊహించవచ్చు. కొత్తగా ఏర్పడిన జనరల్ నర్సింగ్ కౌన్సిల్ తన పరీక్షను తాను మొదలుపెట్టినా, వైద్యుల సంఘం తన పరీక్షను వదలలేదు. రెండూ 1951 వరకు పక్కపక్కనే సాగాయి. చివరికి వైద్యుల పరీక్ష ఆగిపోయింది గాని మానసిక నర్సింగ్‌కు రిజిస్టరులో దక్కిన వేరు స్థానం మాత్రం నేటికీ నిలిచింది.

ఆ స్థానానికి చట్టం అధికారం కూడా తోడైంది. ఇంగ్లండు మానసిక ఆరోగ్య చట్టం, 1983లోని 5వ సెక్షన్ ప్రకారం, అప్పటికే వార్డులో మానసిక చికిత్స పొందుతున్న రోగి వెళ్లిపోతానని పట్టుబట్టి, ఆ క్షణంలో వైద్యుడు అందుబాటులో లేకపోతే, తగిన రిజిస్ట్రేషన్ ఉన్న నర్సు ఆ రోగిని 6 గంటల వరకు ఆపవచ్చు. ఒక మనిషి స్వేచ్ఛను కొన్ని గంటలపాటు ఆపగల అధికారం ఇస్తున్నప్పుడు, దాన్ని చేతపట్టేవారిని విడిగా పరీక్షించడం న్యాయమే.

పశ్చిమ కెనడా కూడా ఈ దారినే పట్టింది. మానిటోబాలోని బ్రాండన్ మానసిక ఆసుపత్రిలో 1921లో శిక్షణ పాఠశాల మొదలైంది. మానసిక నర్సులకు ప్రత్యేక చట్టం మొదట సస్కాచవాన్‌లో 1948లో రాగా, బ్రిటిష్ కొలంబియాలో 1951లో, మానిటోబాలో 1960లో వచ్చింది. ఆల్బర్టాదీ ఇదే బాట. ఈ నాలుగు ప్రావిన్సుల్లో రిజిస్టర్డ్ సైకియాట్రిక్ నర్సు (ఆర్‌పీఎన్) అనేది సాధారణ నర్సు వృత్తికి అనుబంధం కాదు, వేరే వృత్తి. 2015లో కెనడా సాధారణ నర్సులకు అమెరికా వారి లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌ను తీసుకున్నప్పుడు కూడా మానసిక నర్సుల పరీక్ష విడిగానే మిగిలింది. తూర్పున ఉన్న ఆంటారియోలో ఈ వృత్తికి వేరు రిజిస్ట్రేషన్ లేదు. అక్కడ ఆర్‌పీఎన్ అంటే ప్రాక్టికల్ నర్సు. ఈ సంగతి తెలియక తప్పు కాలేజీకి ఫీజు కట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఇక్కడ చెప్పవలసి వచ్చింది.

అమెరికా తిరిగిన మలుపు వేరు. మానసిక నర్సులకు తొలి శిక్షణ పాఠశాల మెక్‌లీన్ ఆసుపత్రిలో 1882లోనే ఏర్పడినా, ఆ దేశం దీన్ని సాధారణ నర్సింగ్‌లో ఒక విషయంగా కలుపుకుంది. 1940ల నుంచి నడిచిన రాష్ట్ర బోర్డుల ఉమ్మడి పరీక్షలో మెడికల్, సర్జికల్, ప్రసూతి, శిశు విభాగాలతోపాటు మానసిక నర్సింగ్ కూడా ఒక ప్రత్యేక పేపరుగా ఉండేది. 1982లో ఆ ఐదింటినీ కలిపేసి ఎన్‌క్లెక్స్ అనే ఒకే పరీక్ష చేశారు. అందులో మానసిక, సామాజిక అంశాల వాటా ఇప్పుడు 6 నుంచి 12 శాతం మాత్రమే. మానసిక నర్సింగ్‌లో ప్రత్యేక సర్టిఫికేషన్ పరీక్ష ఉంది గాని, అది రెండేళ్ల అనుభవం తర్వాత ఇష్టమైతే రాసుకునేది, లైసెన్సు కాదు.

భారతదేశం బ్రిటిష్ పాలనలో ఉన్నా బ్రిటిష్ పద్ధతిని తీసుకోలేదు. దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ 1946 నాటి నివేదిక ప్రకారం దాదాపు 40 కోట్ల జనాభాకు మానసిక ఆసుపత్రుల్లో ఉన్న పడకలు సుమారు 10 వేలు. అంత చిన్న వ్యవస్థకు ప్రత్యేక రిజిస్టరు పెట్టాలన్న ఒత్తిడి ఎవరి నుంచీ రాలేదు. 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం కూడా మానసిక నర్సింగ్‌కు వేరు రిజిస్టరు పెట్టలేదు. నేటి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌కు పూర్వరూపమైన బెంగళూరు సంస్థలో 1950లలోనే నర్సులకు ప్రత్యేక డిప్లొమా మొదలైనా, అది అదనపు అర్హతగా మిగిలింది తప్ప వేరు వృత్తికి ద్వారం కాలేదు. ఎర్రగడ్డ పేరునే వెక్కిరింపుగా వాడే నగరంలో ఆ అదనపు అర్హత కోసం ఉత్సాహంగా ముందుకొచ్చేవారు తక్కువ కావడంలో వింతేమీ లేదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ కథలో అసలు మలుపు, అయితే దాన్ని గమనించినవారు కొద్దిమందే. ఆ చట్టం మానసిక ఆరోగ్య నర్సును నిర్వచిస్తూ, జనరల్ నర్సింగ్‌లో గాని మానసిక నర్సింగ్‌లో గాని డిప్లొమా లేదా డిగ్రీ ఉండి, రాష్ట్ర కౌన్సిల్‌లో నమోదైతే చాలంది. అలాంటి నర్సు 55వ సెక్షన్ కింద రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో నమోదైతే మానసిక ఆరోగ్య నిపుణుల కోవలోకి వస్తుంది. 89వ సెక్షన్ కింద ఒకరిని ఇతరుల దరఖాస్తుపై చేర్చుకోవాలంటే ఇద్దరు విడివిడిగా పరీక్షించాలి. ఒకరు సైకియాట్రిస్టు, రెండోవారు అలాంటి నిపుణులు గాని ఒక వైద్యుడు గాని కావచ్చు. తనంతట తాను చేరిన రోగి డిశ్చార్జి కోరినప్పుడు, కొన్ని పరిస్థితుల్లో, 88వ సెక్షన్ కింద 24 గంటలు ఆపగలిగేది కూడా ఈ నిపుణులే. ఇంగ్లండు నర్సుకున్న 6 గంటలతో పోలిస్తే ఇది చిన్న అధికారం కాదు. అక్కడ అధికారం వెనుక ప్రత్యేక శిక్షణ, ప్రత్యేక రిజిస్టరు ఉన్నాయి. ఇక్కడ జనరల్ నర్సింగ్ డిప్లొమాతోనే నిర్వచనం పూర్తవుతుంది. ఇది సవరించవలసిన లోపమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

విదేశీ దరఖాస్తులో ఈ లోపం గంటల లెక్కగా బయటపడుతుంది. సెమిస్టర్లు రాకముందు నడిచిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో, ఇంటర్న్‌షిప్ కాకుండా, మానసిక నర్సింగ్‌కు కేటాయించింది 90 గంటల పాఠం, 270 గంటల ప్రాక్టికల్. కొన్ని సంవత్సరాలపాటు మానసిక నర్సింగ్‌నే ప్రధానంగా చదివిన కెనడా విద్యార్థి శిక్షణతో పోలిస్తే అది చాలా తక్కువ. అందువల్ల పోస్ట్ బేసిక్ డిప్లొమా గాని, ఎమ్మెస్సీ గాని, వార్డు అనుభవం గాని కాగితంపై బలంగా కనిపించాలి. కెనడాకు, విదేశీ నర్సుల అర్హతలను తూచడానికి 2014 నుంచి నడుస్తున్న జాతీయ మదింపు సంస్థ ద్వారా వెళ్తే ట్రాన్స్‌క్రిప్టులు, రిజిస్ట్రేషన్ వెరిఫికేషన్, ఉద్యోగ ధ్రువీకరణ ఆయా సంస్థల నుంచే నేరుగా చేరాలి. అభ్యర్థి స్వయంగా పంపితే చెల్లదు. ఉమ్మడి రాష్ట్రంలో చదివినవారికి ఇక్కడ మరో చిక్కు: డిగ్రీ ఇచ్చింది విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఇప్పటి నమోదు ఉన్నది హైదరాబాద్‌లోని తెలంగాణ కౌన్సిల్‌లో. కాబట్టి రెండు చోట్లా కదలాలి. ఆ తర్వాత చదివినవారి ట్రాన్స్‌క్రిప్టు వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం నుంచి వస్తుంది.

ఇంగ్లండు దారిలో వెళ్లేవారు ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ అనే ఇంగ్లీషు భాషా పరీక్షలో గట్టెక్కి, కంప్యూటర్ పరీక్షను ఇక్కడే రాయవచ్చు. మాక్ రోగులతో జరిగే ఆస్కీ అనే ప్రాక్టికల్ పరీక్షకు మాత్రం అక్కడికే వెళ్లాలి. మందుల మోతాదు లెక్కలు మనవారికి కొత్త కావు. 1983 చట్టం, 2005 నాటి మానసిక సామర్థ్య చట్టం మాత్రం మొదటి నుంచి చదువుకోవాలి.

2023 ఆగస్టులో ఆమోదం పొందిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 1947 నాటి చట్టం స్థానంలో నిలిచేందుకు చేసినది. దాని కింద రాసే నియమాల్లో మానసిక నర్సింగ్‌కు వేరు రిజిస్టరు, దానికి తగిన పరీక్ష పెట్టేంతవరకు, ఈ రంగంలో డిప్లొమా ఉన్న నర్సు తెలంగాణ కౌన్సిల్‌లో దాన్ని అదనపు అర్హతగా నమోదు చేయించుకోవాలి. విదేశానికి వెళ్లే వెరిఫికేషన్ పత్రంలో ఆ నమోదు కనిపించేలా ముందే అడిగి రాయించుకోవడం ఆమె పనే.