రాడ్ బండిల్‌లో ప్రవాహం: ఇరుకు గ్యాప్ గురించి అపోహలు - వాస్తవాలు

మార్చి వచ్చిందంటే గుణుపూర్, రాయగడ, బరంపురం నుంచి ఎం.టెక్ పిల్లల ఫోన్లు మొదలవుతాయి. అణు రియాక్టర్‌లో కట్టగా నిలబెట్టిన ఇంధన కడ్డీల (రాడ్ బండిల్) మధ్య నీరు ఎలా పారుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే పిల్లలు వీళ్లు. అందరిదీ ఒకటే టెన్షన్: "మాస్టారూ, రాడ్ల మధ్య గ్యాప్‌లో అడ్డంగా ప్రవాహమే రావట్లేదు. నా మెష్ తప్పంటారా?"

మెష్ (లెక్క కోసం నీటిని చిన్న గడులుగా కోసే వల) తప్పు కాదమ్మా.

అపోహ: గ్యాప్ ఇరుకైతే ఒక సబ్‌చానెల్ (రాడ్ల నడుమ నీరు పారే దారి) నీరు పక్క సబ్‌చానెల్ నీటితో కలవదు.

వాస్తవం: రాడ్లు దగ్గరైతే గ్యాప్ దగ్గర పెద్ద సుడులు వరసగా పుట్టి, నీటిని ఒకసారి ఇటు, ఒకసారి అటు తోస్తాయి. హూపర్, రేమె అనే పరిశోధకులు 1984లోనే కొలిచి చూపించారు. అందుకే గ్యాప్ తగ్గినంతగా మిక్సింగ్ తగ్గదు.

మరి మీకెందుకు కనపడదు? లెక్క తేలికవుతుందని ఒక్క సబ్‌చానెల్ కోసి, గ్యాప్ మధ్యలో సిమెట్రీ (అటూ ఇటూ అద్దంలోలా ఒకటే అనే షరతు) పెడతారు. ఆ గీత దాటి చుక్క నీరు పోకూడదని మీరే చెప్పేశారు కదా! పైగా స్టెడీ రన్, అంటే కాలంతో మార్పు లేని లెక్క. ఇక మెష్ ఎంత సన్నం చేసినా సెమిస్టర్ కరిగిపోవడమే. కనీసం రెండు సబ్‌చానెళ్లు, మధ్య తెరిచిన గ్యాప్, నాలుగైదు తరంగాలు పట్టే పొడవు, అన్‌స్టెడీ రన్ పెట్టండి. తేలికపాటి అన్‌స్టెడీ లెక్క యురాన్స్‌లో కూడా ఆ ఊపు కనిపిస్తుంది.

మా పర్లాకిమిడి ల్యాబ్‌లో అక్రిలిక్ పెట్టెలో రెండు పీవీసీ రాడ్లు బిగించి, పై ట్యాంకు నీళ్లు వదిలి, గ్యాప్ మొదట్లో సిరంజితో పర్మాంగనేట్ ఎక్కించాం. ఊదా గీత కాస్త తిన్నగా పోయి, ఆపైన పాములా మెలికలు తిరిగింది. "పంపు కొట్టుకుంటోందా సార్?" అన్నాడు అటెండర్. అసలు పంపే పెట్టలేదు.

మిగతావి గబగబా. మిక్సింగ్ అంతా సెకండరీ ఫ్లో (ప్రధాన ప్రవాహానికి అడ్డంగా నిలకడగా తిరిగే బలహీన ప్రవాహం) వల్లే అంటారు. దాని వేగం సగటులో 1 శాతం అటూఇటూ. హైడ్రాలిక్ డయామీటర్ (ఆ దారికి సమానమైన పైపు వ్యాసం) వేస్తే పైపు సూత్రం చాలంటారు. రాడ్లు బాగా దగ్గరైతే దాన్ని నమ్మొద్దు.

ఇక శ్రీకాకుళం జిల్లాలో అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదించిన కొవ్వాడ పేరెత్తితే చాలు, "లోపల నీళ్లు అల్లకల్లోలమట, పేలిపోతుందట" అని వాట్సాప్‌లో. ఇలాంటివి ఫార్వర్డ్ చేసేవాళ్లతో నాకు ఓపిక లేదు. అక్కడ ప్రతిపాదించిన ఏపీ1000 లాంటి రియాక్టర్లలో రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం ఎంత అల్లకల్లోలమో చెప్పే అంకె) లక్షల్లో ఉంటుంది. ఆ టర్బులెన్సే రాడ్ల వేడిని నీటికి లాగేది.

కానీ కొవ్వాడ దగ్గరి రణస్థలం వైపు పుట్టిల్లున్న మా పిన్ని అడిగితే కసరలేను. "ఆ రాడ్లు ఊగవా నాన్నా?" అంది. ఊగుతాయి పిన్నీ. స్పేసర్ గ్రిడ్ (రాడ్లను పట్టి ఉంచే చట్రం) దగ్గర రాపిడికి పైతొడుగు అరిగి చిల్లు పడటం ఇలాంటి రియాక్టర్లలో పాత సమస్యే. లీకైతే నీటిలో రేడియోధార్మికత పెరిగి తెలిసిపోతుంది, ఇంధనం మార్చేటప్పుడు ఆ బండిల్‌ను వెతికి తీసేస్తారు.